కోదాడ బేరం

15 ఆగస్టు 1970

నిన్న వరలక్ష్మీ వ్రతం. పులిహోర, పూర్ణాలు మస్తు మిగిలినయి. పొద్దున అత్తమ్మ గిన్నెల సర్ది నా చేతికిచ్చింది. "వాడపల్లి రోడ్డు గోదాముల ఆ నర్సు ఏసమ్మ తాగుబోతోళ్లను సాకుతున్నది కద, వాళ్లకిచ్చి రా. పుణ్యముంటది. గడప మాత్రం దాటకు" అన్నది.

గోదాము మాదే. రేకులు కారుతున్నయని, వడ్లకు పనికిరాదని, ఆయన ఏసమ్మకు ఊరికే ఇచ్చిండు. ఏసమ్మ కిరస్తానీ మిషను దవాఖానల నర్సు చేసి రిటైరయింది. బస్టాండులనో, కల్లు దుకాణం అరుగు మీదనో ఇల్లూ వాకిలీ లేక తాగి పడి ఉన్నోళ్లను రిక్షాల వేసుకొచ్చి, ఇక్కడ పండబెట్టి మాన్పిస్తది. మిర్యాలగూడ అంత సిస్టరమ్మ అంటరు.

గడప బయట నిలబడుదామనే పోయిన. లోపల ఒక ఆడమనిషి గోడకు ఆనుకొని ఉన్నది. విస్తరాకుల పులిహోర పెట్టిన్రు గని చేయి నోటికాడికి పోతలేదు. మెతుకులన్ని ఒళ్లె పడుతున్నయి. సిస్టరమ్మ అవతల ఇంకెవరికో వాంతులైతే పట్టుకొని ఉన్నది. నేనే లోపలికి పోయి తినిపించిన. పేరు ఉప్పలమ్మ అట. సాగర్ కాలువ పనిల కంకర కొట్టేదట.

"జర పెద్ద ముద్ద పెట్టు సావుకారమ్మా. పిల్లికి పెట్టినట్టు పెడుతున్నవ్" అన్నది.

ఇంటికొచ్చి తలకు పోసుకున్న. గడప దాటలేదని అత్తమ్మకు చెప్పిన.

ఆయన కోదాడ పోయిండు. బేరం.

16 ఆగస్టు

మళ్ల పోవద్దు.

20 ఆగస్టు

గిన్నె అక్కడనే మర్చిపోయిన కద, తెచ్చుకుందామని పోయిన. మధ్యాహ్నం దాక ఉన్న.

మట్టయ్య అని ఒకడున్నడు. పాలమూరు మనిషి. కాలువ తవ్వనీకె వచ్చి ఏండ్లకేండ్లు గీడనే ఉండిపోయిండు. పని ఉన్నన్ని రోజులు మేస్త్రీలే సారా తెచ్చి పోసేటోళ్లట, ఒళ్లు నొప్పులు తెల్వకుండ. నీళ్లు వదిలిన్రు, పని ఖతం. ఊర్ల ఇల్లు కూలింది, భార్య ఎటు పోయిందో తెల్వదు. "మేం తవ్విన దాంట్లె నీళ్లు పారుతుంటే మస్తు సంబురమైంది అమ్మా. ఒడ్డున కూసొని చూసుకుంట తాగిన. గట్లనే తాగుకుంట ఉన్న" అన్నడు. ఇప్పుడు మానిండు. లారీల మీద మూటలెత్తే పనికి పోయి, పొద్దుమూకంగ గోదాముకే వచ్చి పండుకుంటడు.

గిన్నె తెచ్చుడు మళ్ల మర్చిపోయిన.

31 ఆగస్టు

రోజు పోతున్న. ఇంట్ల నాకేం పని ఉన్నది? బియ్యం మిల్లు పని మగోళ్లది, వంటకు మనిషి ఉన్నది. బిడ్డ అరుణ సూర్యాపేటల మా అమ్మ కాడ ఉండి చదువుకుంటున్నది. ఇక్కడి బడి బాగలేదని పంపినం. అక్కడి బడి మంచిది. మా అమ్మ కూడ బాగ చూసుకుంటది.

సిస్టరమ్మ పని నేర్పుతున్నది. మానిన మొదటి రోజు చెమటలు, రెండో రోజు వణుకుడు. మూడో రోజు భయం. కొందరికి చీమలు కనబడతయి, కొందరికి పోలీసులు. "లేవు అనొద్దు, ఉన్నయి అనొద్దు. చేయి పట్టుకొని పేరడుగు, ఊరడుగు" అన్నది. మజ్జిగ తాపాలె, గ్లూకోజు నీళ్లు తాపాలె, డాక్టరు ఇచ్చిన గోలీలు తప్పకుండ వెయ్యాలె.

ఇంట్ల చేతులు ఊరికుంటలేవు. మాటిమాటికి పోయి వాకిట్లకు చూసి వస్తున్న. ఎవరూ ఉంటలేరు.

5 సెప్టెంబరు

నిన్న వినాయక చవితి. ఆయన రాలే. పూజల మరిది బద్రీనాథ్ కూసున్నడు. మిల్లు కూడ ఈ నడుమ అతనే చూసుకుంటున్నడు.

ఇయ్యాల పొద్దున వచ్చిండు. నాకు నీలం చీర తెచ్చిండు. కాపీ తాగుతుంటే గ్లాసు జారి ధోతి మీద పడ్డది. స్టీలు గ్లాసులు అట్లనే కాలుతయి. రేపటి నుంచి ఆయనకు కప్పులనే ఇయ్యాలె.

13 సెప్టెంబరు

ఉప్పలమ్మకు చెంపలు జర నిండుకున్నయి. తల దువ్వుతనంటే కూసున్నది. దువ్వుతుంటే అడిగింది, "సావుకారమ్మా, మీ ఇంట్ల తాగేదెవరు?"

"మా ఇంట్లనా? మేం కోమటోళ్లం. గుడ్డు కూడ ముట్టం" అన్న.

నవ్వింది. "నేను గుడ్డు సంగతి అడిగిన్నా? ఎవరన్న వస్తే నా మొఖం చూస్తరు. నువ్వు రాంగనే నా చేతులు చూస్తవ్. దగ్గరికొచ్చి వాసన చూస్తవ్. గప్పుడు గని కూసోవు. గిది ఒక్క రోజుల వచ్చే అలవాటు కాదు."

దువ్వెన ఆమె ఒళ్లె పడేసి వచ్చిన.

14 సెప్టెంబరు

ఆ ఉప్పలమ్మ నోరు మంచిది కాదు. ఆయన ఎప్పుడో ఒకసారి పుచ్చుకుంటడు. వ్యాపారం చేసెటోళ్లకు నలుగురితోని కూసోక తప్పదు. అది కూడ కోదాడలనే. ఇంట్ల కాదు.

15 సెప్టెంబరు

ఇంట్ల కూడ. కాని అత్తమ్మ ముందట కాదు.

27 సెప్టెంబరు

అన్నాల కాడ బద్రీనాథ్ గోదాము మాట తీసిండు. "కాలువ నీళ్లు వచ్చినంక ఎక్కడ చూసినా వరే. కోతలైతే వడ్లు పెట్ట జాగ లేదు. రేకులు మార్పిస్త. సిస్టరమ్మను దీపావళి దాటంగనే ఖాళీ చెయ్యమనాలె."

నా చేతిల గరిటె ఆగింది.  ఆయన మాత్రం గట్టిగ అన్నడు, "ఈ శ్రీపతి ఇచ్చిన మాట అంటే ఊర్ల విలువున్నది తమ్మీ. నేనుండంగ ఆ గోదాము ఎవడు ఖాళీ చేయిస్తడు? సిస్టరమ్మ అక్కడనే ఉంటది."

ప్రాణం లేచొచ్చింది. పెండ్లైన కొత్తల ఇట్లనే ఉండేటోడు. ఎవరన్న అడిగితే లేదనేటోడు కాదు.

లవంగం నమలుకుంట అన్నడు.

28 సెప్టెంబరు

పొద్దున సిస్టరమ్మకు కబురు చెప్తనని ఆయనతోని అన్న. "ఏ గోదాము?" అన్నడు.

8 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. అరుణ వచ్చింది. పదేండ్లకే నా భుజం దాక పెరిగింది. గుమ్మంలనే నిలబడి అడిగింది, "నాన్న ఉన్నడా?"

"కోదాడ పోయిండు. బేరం ఉన్నది."

"అయితే దసరా దాక ఉంట" అని చెప్పులు విడిచింది.

పిల్లలు అట్లనే అంటరు. నాన్న ఉంటే చదువుకోమంటడని భయం.

12 అక్టోబరు

అరుణను బస్సెక్కించిన. పండుగ చీరలు మడతపెట్టి అత్తమ్మ పెట్టెల పెడుతుంటే అడుగున బ్రాందీ సీసా చేతికి తగిలింది. పట్టుచీర చుట్టి ఉన్నది.

అత్తమ్మ వెనుకనే ఉన్నది. దాచలే, భయపడలే. "ఏం చూస్తున్నవ్? ఇంట్ల దొరికితే ఇంట్లనే పండుకుంటడు. బజార్ల పడ్డడంటే మన మిల్లు గడప ఎవడు తొక్కుతడు?"

"అది విషం అత్తమ్మా."

"కొడుకు గజగజ వణుక్కుంట 'అమ్మా' అని వస్తే నువ్వైతే ఏం చేస్తవో నేనూ చూస్త. నీకున్నది ఆడపిల్ల. నీకు తెల్వదు" అన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి ఆమెకు. అత్తమ్మ ఏడ్వంగ ఈ ఇంటికొచ్చినంక నేను చూడలే.

పెట్టె మూత నేనే పెట్టిన.

19 అక్టోబరు

నాలుగు రోజులు కనబడకుండ పోయిన ఉప్పలమ్మ ఇయ్యాల దొరికింది. కల్లు దుకాణం ఎనుక బురదల. సిస్టరమ్మ, మట్టయ్య రిక్షాల తెచ్చిన్రు. మళ్ల మొదటికొచ్చింది. అదే వణుకుడు, అవే వాంతులు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "సిగ్గు లేదా నీకు? ఎన్ని రోజులు తినిపించిన, ఎన్ని రోజులు తల దువ్విన! ఇందుకేనా? నువ్వు మారవు. చస్తవు, నన్ను చంపుతవు" అని అరిచిన. అందరు చూస్తున్నరు. నోరు ఆగలే.

సిస్టరమ్మ నన్ను బయట చెట్టు నీడకు తీసుకపోయింది. "నిన్ను చంపుతదా? ఉప్పలమ్మ నిన్నెందుకు చంపుతది ఊర్మిళమ్మా?" అని అడిగింది. నేను కొంగుతోని మొఖం తుడుచుకున్న. ఆమె మళ్ల అడగలే. "పోయి మజ్జిగ చిలుకు బిడ్డా. అందరికి కావాలె" అన్నది.

చిలికిన. చేతులు నొచ్చేదాక చిలికిన.

30 అక్టోబరు

దీపావళి. లక్ష్మీపూజ. ఆయన కోదాడ పోయిండు. బేరం.

పూజ నాడు ఏ కోమటోడు బేరం చేస్తడు?

3 నవంబరు

రాలే.

6 నవంబరు

రాలే. బద్రీనాథ్ మనిషిని పంపిన అన్నడు. పంపలే. నాకు తెలుసు.

మిల్లు మిషను చప్పుడు పొద్దంత తలల తిరుగుతున్నది. ఏ పనీ చేయబుద్ధి అయితలేదు. గోదాముకు పోతే ఇంటికి రావాలనిపిస్తది, ఇంటికొస్తే గోదాముకు పోవాలనిపిస్తది. ఇయ్యాల మూడుసార్లు తిరిగిన. 

11 నవంబరు

రాయాలంటే చేయి వస్తలేదు. రాస్త.

మధ్యాహ్నం మజ్జిగ క్యాను పట్టుకొని గోదాముకు పోయిన. బయట వడ్ల లారీ ఆగి ఉన్నది. కోదాడ లారీ. డ్రైవరు చెట్టు కింద బీడీ తాగుతున్నడు. నన్ను చూసి లేచి, "ఏవండీ, ఆయన మీ తాలూకేనా? పాపం, లాడ్జీవాళ్లు బయట పడుకోబెట్టేశారండీ. మీ మట్టయ్య గుర్తుపట్టాడు" అన్నడు.

నాకు అర్థం కాలే. అర్థం కాలే అని రాస్తున్న గని, కాళ్లు అప్పటికే గడప దిక్కు ఉరికినయి.

లోపలికి పోయిన. మా గోదాముల, మా పాత గోనెసంచుల మీద, ఆయన. గడ్డం పెరిగింది. ఒక చెప్పు లేదు. అంగీ మీద ఎండిన వాంతి. సిస్టరమ్మ మొఖం తుడుస్తున్నది.

మట్టయ్య నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నడు. "లారీకి మూటలెత్త పోయిన అమ్మా. సేటును చూసి ఇడిసిపెట్టి రాబుద్ధి కాలే. మూటల మీద పండబెట్టి తెచ్చిన. ఇంటికాడ దింపితే బజారంత చూస్తరని గీడికి తెచ్చిన. తప్పైతే మాఫ్ చెయ్యి" అన్నడు.

"తప్పు కాదు" అన్న. 

క్యాను కింద పెట్టిన. గోడకు ఆనుకొని ఉప్పలమ్మ చూస్తున్నది. ఇప్పుడు నవ్వుతదనుకున్న. నవ్వలే. జరిగి పక్కన జాగ చేసింది, కూసోమని.

12 నవంబరు

పొద్దున బద్రీనాథ్ జీపు తెచ్చిండు. అత్తమ్మ కూడ వచ్చింది. గడప బయటనే నిలబడ్డది.

"అన్నకు జ్వరమని అందరికి చెప్పిన. ఎక్కించుకొని పోదాం. ఇంటికి డాక్టరును పిలుద్దాం" అన్నడు బద్రీనాథ్.

తల్లి గొంతు వినంగనే ఆయన లేవబోయిండు. లేవలేక మోకాళ్ల మీద పాకిండు. "అమ్మా, కొంచెం. ఒక్క గుక్క. ఆ తర్వాత అడగ." అత్తమ్మ కొంగు లోపలి నుంచి చిన్న సీసా తీసింది.  "తాపియ్యి ఊర్మిళా. జర తాగితే నడిచి జీపు ఎక్కుతడు."

నా చేతికి ఇచ్చింది. నేను తీసుకున్న. ఆయన నా చేతి దిక్కే చూస్తున్నడు. పెండ్లి పీటల మీద కూడ నన్నట్ల చూడలే.

ఇంటికి తీసుకపోతే ఏమైతదో నాకు తెలుసు. తలుపులు మూస్తం. వాకిట్ల ముగ్గు పెడుతం. జ్వరం అంటం. నేను కాపీ కప్పుల పోస్త. మళ్ల కోదాడ. మళ్ల బేరం.

గడప దాటి పోయి సీసా అత్తమ్మ చేతిల పెట్టిన. "ఆయన ఇక్కడనే ఉంటడు అత్తమ్మా."

"వదినా! రేపు బజార్ల మా మొఖాలు ఎట్ల చూపియ్యాలె?" అన్నడు బద్రీనాథ్.

"అందరికున్నట్టే మనకూ ఉన్నది మొఖం. అట్లనే చూపియ్యి."

అత్తమ్మ సీసా కొంగుల దోపుకున్నది. "అట్లైతే నువ్వు కూడ ఇక్కడనే ఉండు. నా ఇంటికి రాకు" అని జీపెక్కింది. లోపల ఆయన తల్లిని పిలుచుకుంట ఏడుస్తున్నడు. జీపు కనబడనంత దూరం పోయేదాక ఆగలే ఆ ఏడుపు. ఆ తర్వాత నన్ను తిట్టుడు మొదలుపెట్టిండు. అన్ని మాటలు రాయ.

సిస్టరమ్మ ఒక చాప ఇచ్చింది. ఉప్పలమ్మ చాప పక్కన పరుచుకున్న.

13 నవంబరు

మూడో రోజు.

పొద్దున పదింటికి మొదలైంది. గోడ మూలకు చూసి, "వడ్లు కారుతున్నయి! సంచి తెగింది! కుట్టున్రి, కుట్టున్రి!" అని అరుపు. నేల మీద చేతులతోని ఎత్తుతున్నడు. గోర్లు గీరుకొని రక్తం కారుతున్నది. మట్టయ్య పట్టుకుంటే విదిలించిండు. ఇంత బక్కపల్చటి మనిషికి అంత బలం ఎక్కడిదో.

సిస్టరమ్మ డాక్టరు కోసం పోయింది. ఇన్ని నెలలు నేర్చుకున్నదంత నాకు మతికి రాలే. "వడ్లు లేవండి! సంచుల్లేవు! నన్ను చూడండి!" అని నేనూ అరిచిన. నేనెంత అరిస్తే ఆయన అంత భయపడ్డడు.

ఉప్పలమ్మ లేచొచ్చింది. ఆమె ఇంకా గట్టిగ నిలబడలేదు. ఆయన ముందట గొంతుకూసొని, ఉత్త నేల మీద రెండు చేతులు చాచి ఎత్తుడు మొదలుపెట్టింది. పక్కకు పోసింది. మళ్ల ఎత్తింది. "నువ్వు సంచి మూతి పట్టు సేటూ, నేను పోస్త" అన్నది. ఆయన పట్టిండు, ఉత్త గాలిని. ఆమె పోసింది. ఎంతసేపో అట్లనే. నేను గోడకు ఆనుకొని చూసిన. "అయిపోయింది సేటూ. ఒక్క గింజ లేదు. ఇగ పండు" అన్నది. పండుకున్నడు.

డాక్టరు వచ్చి సూది ఇచ్చిండు. ప్రాణభయం లేదన్నడు గని తలూపుకుంట అన్నడు.

నేను బయటికి పోయి చెట్టు కింద ఏడ్చిన. అరుణ పుట్టినప్పుడు కూడ అంత గట్టిగ ఏడ్వలే.

16 నవంబరు

పెరుగన్నం రెండు ముద్దలు తిన్నడు. నా చేత్తోని కాదు. మట్టయ్య పెట్టిండు.

22 నవంబరు

లేచి కూసుంటున్నడు. నాతోని మాట్లాడుతలేడు. మట్టయ్యతోని మాట్లాడుతడు, వడ్ల ధర, లారీల సంగతి. నిన్న బాయి దాక నడిచిండు. రోడ్డు దిక్కు చూసుకుంట నిలబడ్డడు. కోదాడ పోయే బస్సు అటునుంచే పోతది. నేను కదలకుండ చూసిన. బస్సు పోయింది. ఆయన నిలబడే ఉన్నడు.

బద్రీనాథ్ గోదాము ఖాళీ మాట ఎత్తుతలేడు. అన్న లోపలున్నన్ని రోజులు ఎత్తడు. ఆ తర్వాత సంగతి తెల్వదు. అత్తమ్మ కబురు లేదు, నిన్న మాత్రం వంటామెతోని దుప్పటి పంపింది. ఒక్కటే.

26 నవంబరు

పొద్దున ఆయన మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచిండు. "ఊర్మిళా, అరుణను చూడాలని ఉన్నది" అన్నడు.

"ఇక్కడనా?"

"ఇంకెక్కడ ఉన్న నేను?"

సిస్టరమ్మను అడిగిన, పిల్లను తేవచ్చునా అని. "తెచ్చేసరికి ఉంటడని నేను చెప్పలేను బిడ్డా. ఉండడని కూడ చెప్పలేను" అన్నది.

పొద్దంత అటూ ఇటూ తిరిగిన. ఏం చెప్పి తీసుకురావాలె పిల్లను? నాన్నకు జ్వరమనా?

28 నవంబరు

పొద్దుటి బస్సుకు సూర్యాపేట పోయిన. మా అమ్మ, "ఆ తాగుబోతోళ్ల నడుమకు పిల్లనా? మతి ఉన్నదా నీకు?" అన్నది. నేను అరుణ బట్టలు సంచిల పెట్టుకున్న.

బస్సుల కిటికీ పక్క సీటు అరుణకిచ్చిన. సూర్యాపేట దాటినంక చెప్దామనుకున్న. దాటింది. తర్వాతి ఊరు రానీ అనుకున్న. అదీ దాటింది. వరికోతలు అయితున్నయి రెండు దిక్కుల. కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంట పోయిండు.  పదమూడేండ్ల కాపురంల ఒక్కసారి కూడ నా నోటితోని అనని మాట అది. ఈ పుస్తకంల కూడ రాయలే. వెనక్కి తిప్పి చూసిన, ఎక్కడా లేదు.

"అరుణా, నాన్న కోదాడ పోయేది బేరానికి కాదు. మీ నాన్న తాగుతడు. ఇప్పుడు మానాలని సిస్టరమ్మ గోదాముల ఉన్నడు. మనం అక్కడికే పోతున్నం."

అనేసిన. బస్సు చప్పుడుకు వినబడిందో లేదో అనుకున్న. పిల్ల కిటికీ నుంచి మొఖం తిప్పి నా దిక్కు చూసింది. భయపడలే. ఏడ్వలే.

"నాకు తెలుసు కద అమ్మా."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచే. నీకే తెల్వదనుకున్న. తెలిస్తే ఏడుస్తవని చెప్పలే. సూర్యాపేట పొమ్మంటే గందుకే పోయిన. ఇంట్ల ఉంటే ఎప్పుడన్న నోరు జారుతనని."

నా చేతిని తన రెండు చేతులల్ల పెట్టుకున్నది. పట్టుకొనే కూసున్నది, పెద్దమనిషి లెక్క.  మిర్యాలగూడ దాక అట్లనే వచ్చినం.

బస్టాండుల దిగినం. ఆయన గోదాముల ఉన్నడో పోయిండో అప్పటికి తెల్వదు. "ఎటు అమ్మా?" అన్నది అరుణ. వాడపల్లి రోడ్డు దిక్కు చూపిన. పిల్ల ముందట నడిచింది.